ముసురు దినములలో పిల్లలు



ముసురు పట్టిన దినములలో ఇంటిలోని పిల్లలను ఉల్లాసముగాను, చురుకుగాను ఉంచుట యెట్లు అను విషయమును గూర్చి ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని. వినుటకిది చిన్న సంగతివలె తోచవచ్చును. విత్తనములు, ఎరువులు, ధరలు, అప్పులు మొదలగు పెద్ద విషయములుండగా పిల్లల ఆటలకొక ప్రసంగమేల యని మీలో కొందరనుకొనవచ్చును. కాని యీ చిన్న సంగతిలోనే పిల్లల ప్రాణరక్షణయు, ఆరోగ్యమును, బుద్ధివికాసమును ఇమిడి యున్నవి. పైగా ఇది పూర్తిగా పెద్దల చేతిలో నున్న పని. దీనికి సర్కారువారి యుత్తరువు అక్కరలేదు; పైకమును అక్కరలేదు. కొంత ఓపికయు, కొంత జ్ఞాపకశక్తియు ఉన్న చాలును.

మన తెలుగుసీమలలో వాన అంతటను ఒకే తీరున కురియదు. మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు నైరృతి ఋతుపవనములు తెలంగాణమునకును, ఉత్తరాంధ్రమునకును, గోదావరి కృష్ణా ప్రాంతములకును సెప్టెంబరు వరకు వానలు తెచ్చును. అటుపిమ్మట అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలనను, బంగాళాఖాతమున పుట్టు వాయుగుండముల వలనను నెల్లూరు, తిరుపతి ప్రాంతములు ఎక్కువగా తడియును. రాయలసీమలో వాన తక్కువయే యైనను, ముసురు పట్టిన దినమున అచ్చటి పిల్లలకును మన పిల్లలకును భేదము లేదు. ఉదయము తలుపు తీసినది మొదలు రాత్రి దీపము పెట్టువరకు చినుకు తెగని దినములు ప్రతి సంవత్సరమును ఎన్నో కొన్ని వచ్చును. బడికి సెలవిత్తురు. పెద్దలు పొలమునకు పోజాలరు. పిల్లలు ఇంటిలో చిక్కుకొందురు.

మొదటి జాము బాగుగానే గడచును. చూరునుండి జారు నీటిధారను చూచుచు, దానిక్రింద అరచేయి చాపుచు పిల్లలు సంతోషముగా నుందురు. రెండవ జామునకు విసుగు ప్రారంభమగును. అన్న తమ్ముని గిల్లును, తమ్ముడు అక్క జడ లాగును, తల్లి కసరును, తాత కోప్పడును. మూడవ జామునకు, ఎవరును చూడని సమయమున, పిల్లవాడు మెల్లగా వీధిలోనికి జారుకొనును.

ఆ సమయమున ఊరిలో నేమున్నదో మీకు నేను చెప్పవలసిన పని లేదు. చెరువు నిండి యుండును. కాలువగట్టు జారుచుండును. వాగు పొంగి వంతెనపై పారుచుండును. పిట్టగోడ లేని పాతబావిలో నీరు అంచువరకు వచ్చి యుండును. విద్యుత్ స్తంభము తడిసి యుండును. నానిన మట్టిగోడ ఎప్పుడు కూలునో తెలియదు. పుట్టలలోనికి నీరు పోయి పాములు మెట్టకు చేరును. నీట మునుగుట పిల్లల మరణములకు ముఖ్యకారణములలో నొకటి యని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పలుమారు తెలిపి యున్నారు. నీరు మోకాలిలోతే యున్నను, వడిగా పారునపుడు పిల్లవానిని పడవేయగలదు. “వాన రాకడ, ప్రాణము పోకడ” అని మన పెద్దలు రెండింటిని కలిపి చెప్పిన సామెత యిట్టి దినములలో మరువదగినది కాదు.

కావున “వాగువైపు పోకుము” అని ఒక్క మాట చెప్పి ఊరకుండిన చాలదు. ఇంటిలో మనసుపెట్టదగిన పని యేదియు లేని పిల్లవానియందు ఆ మాట గంటసేపటి కంటె ఎక్కువ నిలువదు. వానిని బయటికి లాగునది వాన కాదు, విసుగు. ఇంటిలో నాట సాగుచున్నచో, వెళ్ళుమన్నను వాడు వెళ్ళడు.

నేటికాలమున పెద్దలకు సులభమైన మార్గ మొకటి దొరకినది. పిల్లవాని చేతికి సెల్‌ఫోను ఇచ్చినచో వాడు కదలడు, మెదలడు; ఇల్లంతయు నిశ్శబ్దముగా నుండును. ఆ యంత్రమును దూషించుట నా యుద్దేశము కాదు. దూరదేశమున కూలికిపోయిన తండ్రి ముఖమును బిడ్డకు చూపునది అదియే. తుపాను కబురు ముందుగా తెచ్చునదియు అదియే. కాని తెల్లవారినది మొదలు ప్రొద్దుగుంకువరకు దానినే చూచు బిడ్డకు కాళ్ళకు పని యుండదు, చేతులకు పని యుండదు, నోటికి మాట యుండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో వెలువరించిన సలహాలో, ఏడాది నిండని శిశువులకు తెర చూపనే వలదనియు, 2 మొదలు 4 ఏండ్ల పిల్లలకు దినమునకు 1 గంట మించరాదనియు, అంతకు తగ్గినకొలది మేలనియు చెప్పిరి. 5 మొదలు 17 ఏండ్ల వరకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు వేడెక్కునట్లు, ఊపిరి వేగపడునట్లు శ్రమింపవలెనని 2020లో చెప్పిరి. వాన కురిసిన దినమున ఈ లెక్క చెల్లదని వారెచ్చటను వ్రాయలేదు.

మరియొక సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు దినముల తరబడి విద్యుత్తు లేదు, ఫోనులు మూగపోయినవి. అట్టి వేళ తెరకు మాత్రమే అలవడిన పిల్లవాడు దిక్కుతోచక ఏడ్చును. నాలుగు గవ్వలతో ఆడనేర్చినవానికి ఆ బాధ యుండదు.

ఇక మార్గమును చెప్పెదను. ముసురు దినమున పిల్లలకు నాలుగు విధములైన వ్యాపకములు కావలెను: ఒడలికి శ్రమ నిచ్చునది, కూర్చుండి బుద్ధితో నాడునది, చేతులతో చేయునది, చెవులతో వినునది. ఈ నాల్గింటిని ఒకదాని తరువాత నొకటిగా మార్చుచు పోవలెను. ఎంత మంచి ఆటయైనను గంట దాటినచో పిల్లలకు రుచింపదు. మార్పే దానికి మందు.

మొదట శరీరశ్రమ. దీనికి మైదానము అక్కరలేదు. వసారా యైనను, మండువా చుట్టునున్న పంచ యైనను, ఖాళీగా నున్న ధాన్యపుకొట్టైనను చాలును. నేల పొడిగా తుడిచియుండవలెను. తడినేలపై ఆటలు వలదు. సుద్దతో గడులు గీసి తొక్కుడుబిళ్ళ ఆడవచ్చును. ఒంటికాలిపై గెంతుటలో కాలిబలమును, తూకమును కూడ అలవడును. ఇద్దరు బాలికలు చేతులు పట్టుకొని తిరుగు ఒప్పులకుప్ప, అరచేతులు తట్టుకొను చెమ్మచెక్క, ఒకరికి గుడ్డ కట్టి మిగిలినవారు చుట్టును మెదలు కండ్లగంతలు, ఇవన్నియు నాలుగు గోడల నడుమ ఆడదగినవే. నాలుగు పీటలను ఎడమెడముగా వేసి దూకుట, తలపై ఖాళీచెంబు పెట్టుకొని జారకుండ నడచుట, చెంచాలో నిమ్మపండు నుంచుకొని పంచ చివరికి పోయి వచ్చుట మొదలగు పందెములు చిన్నవారికి మిక్కిలి ఇష్టము.

ఎనమండుగురు పిల్లలు చేరినచో కోలాటమును మించినది లేదు. జతకఱ్ఱలు లేకున్నచో సమముగా కోసిన వెదురుముక్కలు చాలును. కోలాటము తెలిసిన వృద్ధులు ప్రతి యూరను ఒకరిద్దరైనను ఉందురు. వారు అరుగుపై కూర్చుండి తాళము వేయుచు అడుగులు చెప్పినచో, ఒక ముసురుదినమున రెండు కోపులు పిల్లలకు పట్టుబడును. వర్షము వెలసిన తరువాత రామమందిరమున భజన జరుగునాడు ఆ పిల్లలే ముందు నిలుతురు. ఇంకను మజ్జిగ చిలుకుట, తిరుగలి త్రిప్పుట, తాడు పేనుట మొదలగు ఇంటిపనులు కూడ శరీరశ్రమయే. తాత యొక కొసను, మనుమడొక కొసను పట్టి జనుపనారతో పలుపు పేనినచో, ఆటయునగును, పశువునకు తాడును దొరకును.

ఒడలు అలసిన పిమ్మట కూర్చుండి ఆడు ఆటలు. వీనిలో మన తాతలు మనకిచ్చిన ఆస్తి చాల గొప్పది. వామనగుంటలనే చూడుడు. పీటపై రెండు వరుసలు, వరుసకు 7 చొప్పున 14 గుంటలు. గుంటకు సమముగా చింతగింజలు పోయుదురు. ఒక గుంటలోనివి తీసి ముందువానిలో ఒక్కొక్కటిగా పంచుచు పోవలెను. చేతిలోనివి ముగిసిన తరువాతి గుంటలోని గింజలు తీసి మరల పంచవలెను. ఎదుట ఖాళీగుంట తగిలినచో, దాని తరువాతి గుంటలోనివి ఆటగానివగును. గుంటకు 5 చొప్పున పోసినచో మొత్తము 70 గింజలు. ఏ గుంటనుండి మొదలిడిన ఎచ్చట ఆగుదునో ముందుగా లెక్కించుకొన్న పిల్ల గెలుచును. ఇది కూడికయు, తీసివేతయు, దూరదృష్టియు ఒక్కపీటపై నేర్పు బడి. బలపము లేదు, బెత్తము లేదు.

అష్టాచెమ్మ మరియొకటి. నేలపై 5 వరుసలు, వరుసకు 5 గడులు గీసి, 4 గవ్వలు విసరుదురు. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా 4. నాలుగును బోర్లపడినచో అష్ట, అనగా 8. అట్లు పడినవానికి మరల గవ్వలు వేయు హక్కు కలదు. ఎదుటివాని కాయ తన కాయను చంపినపుడు మొదటికి వచ్చి మరల బయలుదేరవలెను. ఓడినను మరల మొదలుపెట్టుటయే ఈ ఆట నేర్పు గుణము. వ్యవసాయమున ఆ గుణము లేనివాడు నిలువజాలడని మీకు తెలియును.

పులిజూదమున సాధారణముగా 3 పులులు, 15 మేకలు ఉండును. పులి మేకపైనుండి దూకి ఆవలి ఖాళీస్థానమున పడినచో మేక చచ్చును. మేకలు ఒకదానినొకటి అంటి నిలిచి పులులకు కదలుటకు చోటు లేకుండ చేసినచో మేకలే గెలుచును. బలహీనులు కలసి నిలిచినపుడు బలవంతుని కట్టివేయగలరను నీతిని వేరుగా బోధింపనక్కరలేదు. పిల్లలు తామే గ్రహింతురు. ఇట్టి ఆటల గీతలు పాత దేవాలయముల మండపపు రాళ్ళపై చెక్కబడి నేటికిని కనబడుచున్నవి. వానకు మండపమున చేరినవారు ఎన్ని తరములుగా వీనిని ఆడిరో! ఇట్లే దాడి ఆటలో చెరి 9 కాయలు. మూడు కాయలు ఒక వరుసకు వచ్చినచో దాడి కట్టినట్లు. ఎదుటివాని కాయ నొకటి తీసివేయవచ్చును. అచ్చనగండ్లకు 5 నున్నని గులకరాళ్ళు చాలును. కంటికిని చేతికిని పొందిక కుదుర్చుటలో దానికి సాటి లేదు. మూడేండ్లలోపు బిడ్డలు మాత్రము గింజలను, రాళ్ళను నోట పెట్టుకొందురు గావున, వారిని పెద్దల ఒడిలోనే ఉంచుకొనవలెను.

మూడవది చేతిపని. వానకాలమున బంకమన్నునకు కొదువ లేదు. ఏరువాక దినములలో మట్టియెద్దులను చేయు వాడుక కొన్ని సీమలలో కలదు. భాద్రపదమున వినాయకుని ప్రతిమ చేయుదుము. ఆ వాడుకలను ఆసరాగా గొని పిల్లలచేత ఎద్దులు, బండ్లు, గాదెలు, కుంపట్లు చేయింపవచ్చును. తాటాకుతో బూర, గిలక, చేప, చిలుక చేయుట ఎరిగిన వృద్ధులు తమ విద్యను తమతో తీసికొనిపోక పిల్లల చేతులకు అప్పగింపవలెను. చినిగిన చీరముక్కలతో బొమ్మలు, పాతకాగితములతో పడవలు చేయవచ్చును. ఇంటివిత్తనములను పళ్ళెములలో పోసి, కంది, పెసర, మినుము, ఉలవ, జొన్న, సజ్జ ఏవి యేవో కనులు మూసికొని తడవి చెప్పుమన్నచో, రైతుబిడ్డకు అంతకంటె మంచి పాఠము లేదు.

ఈ చేతిపనిలోనే మరియొక దానిని చేర్చుడని మిమ్ము ముఖ్యముగా కోరుచున్నాను. వానను కొలుచుట. అడుగు చదునుగాను, గోడలు వంపులేక నిలువుగాను ఉండు గాజుజాడీ యొకటి తీసికొనుడు. చెట్టునకును, చూరునకును దూరముగా, ఆరుబయట అది దొర్లకుండ రాళ్ళ నడుమ నిలుపుడు. ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు వాన తెరపి యిచ్చినపుడు దానిలోని నీటిని బడిపిల్లల కొలబద్దతో మిల్లీమీటర్లలో కొలిచి, తారీఖును కార్తెను వేసి, ఒక పుస్తకమున వ్రాయింపుడు. భారత వాతావరణ శాఖవారును 24 గంటల వానను ఆ 8.30 గంటలకే లెక్కింతురు. వారి లెక్కప్రకారము దినమునకు 64.5 మిల్లీమీటర్లు దాటినచో భారీవర్షము, 115.6 మొదలు అతిభారీ వర్షము, 204.5 మొదలు అత్యంత భారీవర్షము. రేడియోలో ఈ మాటలు విన్నపుడు వాని అర్థమేమో ఆ పిల్లలు జాడీ చూపి చెప్పగలరు.

ఇంకను లెక్కలు చెప్పింపవచ్చును. ఒక మిల్లీమీటరు వాన యనగా ప్రతి చదరపు మీటరు నేలపై 1 లీటరు నీరు. 100 చదరపు మీటర్ల డాబాపై 20 మిల్లీమీటర్లు కురిసినచో 2,000 లీటర్లు. ఒక ఎకరముపై 10 మిల్లీమీటర్లు కురిసినచో 40,000 లీటర్లకు పైమాట. అంత నీరు ఏమైనది? ఎంత ఇంకినది, ఎంత చెరువునకు పోయినది, ఎంత వృథాగా వాగుపాలైనది? ఈ ప్రశ్నలు పిల్లలను ఒక పూటంతయు ఆలోచనలో నుంచును. నేడు పడిన వాన దుక్కికి పదునగునా కాదా యని తాత చెప్పును. జాడీలో ఎన్ని మిల్లీమీటర్లున్నవో మనుమడు చెప్పును. ఇద్దరి విద్యలును ఒక పుస్తకమున చేరును. ఐదేండ్లు అట్లు వ్రాసిన పుస్తకము ఆ యూరికొక నిధి యగును.

నాల్గవది చెవికి విందు. సాయంకాలము చీకటిపడుచుండగా పిల్లలు తాతల చుట్టును, అవ్వల చుట్టును చేరుదురు. రామాయణ భారతకథలు, పంచతంత్రము, మర్యాదరామన్న తీర్పులు, తెనాలి రామకృష్ణుని చమత్కారములు ఎప్పుడును పాతబడవు. 1947 జూలైలో ప్రారంభమైన చందమామ పాతసంచికలు మీ యటకపై నున్నచో దింపి దులుపుడు. చదువనేర్చిన పిల్లచేత చదివించి, మిగిలినవారు వినవలెను. వేమన, సుమతి పద్యములతో పందెము పెట్టవచ్చును: ఒకరి పద్యము ఏ యక్షరముతో ముగియునో, రెండవవారు ఆ యక్షరముతో మొదలగు పద్యము చదువవలెను. పొడుపుకథలు విప్పింపవచ్చును. ఒక తెల్లదుప్పటి కట్టి, వెనుక చేతిదీపము వెలిగించి, అట్టముక్కలతో కత్తిరించిన బొమ్మలను ఆడించినచో ఇంటిలోనే తోలుబొమ్మలాట యగును.

అన్నిటికంటె విలువైన కథలు మీ యొద్దనే యున్నవి. ఊరిచెరువునకు గట్టు ఎవరు వేసిరి, పాతబావి ఎవరు త్రవ్వించిరి, ఏ సంవత్సరమున కరవు వచ్చినది, అప్పుడేమి తిని బ్రతికిరి, ఏ సంవత్సరమున వరద ఎచ్చటివరకు వచ్చినది? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. ఆ నాటిని కన్నులార చూచినవారు నేటికిని కొందరున్నారు. వారు చెప్పినదానిని పిల్లలు వ్రాసికొనినచో, కథయు విన్నట్లగును, జాగ్రత్తయు నేర్చినట్లగును. ఆ తరువాత మన కోస్తాతీరమున తుపాను రక్షణ కేంద్రములు కట్టబడినవి. ఆ కేంద్రములలో ఒకటి రెండు రాత్రులు గడుపవలసి వచ్చినపుడు, గాలి హోరునకు పిల్లలు జడిసికొందురు. బియ్యము, మంచినీరు, దుప్పట్లు మోసికొనిపోవునపుడు గుప్పెడు గవ్వలును, చింతగింజలును మూటలో వేసికొనుడు. కథ వినుచున్న బిడ్డకు గాలి హోరు సగమే వినబడును.

ఇచ్చట రెండు మాటలు మనసు విప్పి చెప్పవలసి యున్నది. ముసురుదినమున ఇంటిలో పని తగ్గదు, పెరుగును. ఆ పని తరచుగా ఆడపిల్లల నెత్తిన పడును. తమ్ముడు అష్టాచెమ్మ ఆడుచుండగా అక్క అంట్లు తోముచుండును. బిడ్డలందరికిని ఆట సమానముగా కావలెను. పనిని అందరును పంచుకొని, ఆటకు అందరును కూర్చుండవలెను. రెండవది, కూలిచేసికొని బ్రతుకువారి సంగతి. వాన కురిసిన దినమున వారికి కూలి లేదు. ఇల్లు చిన్నది, కప్పు కారుచుండును, పొయ్యి ఒకమూల, పిల్లలొకమూల. వారికి మండువా లేదు, వసారా లేదు. అట్టి యిండ్ల పిల్లలే ఎక్కువగా వీధినపడుదురు, వాగుపాలగుదురు. కావున బడిగది, గ్రంథాలయము, పంచాయతీ చావడి, దేవాలయమండపము, వీనిలో గట్టికప్పు గలదానిని ముసురుదినములలో తెరచియుంచి, కులభేదము, వాడభేదము లేక ఊరిపిల్లలందరిని అచ్చట చేర్చుట గ్రామపెద్దల ధర్మము. పూటకు ఇద్దరు వృద్ధుల చొప్పున వంతు వేసికొని కూర్చుండిన, ఎవరికిని భారముండదు.

ఆ చావడిలో ఒక పెట్టె నుంచుడు. దానికి ముసురుపెట్టె యని పేరు పెట్టుడు. గవ్వలు, చింతగింజలు, గులకరాళ్ళు, వామనగుంటల పీట, సుద్దముక్కలు, పులిజూదము గీసిన పలక, ఎనిమిది జతల కోలాటపు కఱ్ఱలు, కత్తెర, దారము, నాలుగు కథల పుస్తకములు, వాన కొలుచు జాడీ, వ్రాయు పుస్తకము: ఇంతే దానిలోని సామగ్రి. వానలకు ముందే, రోహిణి కార్తెలోనే దీనిని సిద్ధము చేయవలెను. వాన మొదలైన పిమ్మట వెదకికొన్న దొరకవు.

ఇక జాగ్రత్తలు. ఉరుములు వినబడుచున్నపుడు పిల్లలను గడప దాటనీయరాదు. కడపటి ఉరుము వినబడిన తరువాత 30 నిమిషములు గడచువరకు లోపలనే యుంచవలెను. పిడుగుల వేళ చెట్టుక్రింద నిలువరాదు. తడిచేతులతో విద్యుత్ మీటలను తాకనీయరాదు. కట్టెలమోపులో, గడ్డివాములో చేయి పెట్టనీయరాదు. పాముకాటు పడినచో మంత్రములతో కాలము పోనీయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. చలికని తలుపులన్నియు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని విషవాయువు వాసన తెలియకుండగనే ప్రాణము తీయును. పగుళ్ళిచ్చిన మట్టిగోడ ప్రక్కన పిల్లలను కూర్చుండబెట్టరాదు. కాచి చల్లార్చిన నీరు త్రాగింపవలెను. తడిసినవారి బట్టలు వెంటనే మార్పింపవలెను. వేయించిన వేరుసెనగలో, ఉడికించిన ఉలవలో, కాల్చిన మొక్కజొన్న కంకులో నడుమనడుమ పెట్టినచో ఆటకు బలము వచ్చును.

దినమంతయు ఎట్లు గడుపవలెనను వారికొక క్రమము చెప్పెదను. ఉదయము వాన కొలిచి వ్రాయుట. పిమ్మట బడిపాఠము ఒక గంట. తరువాత కోలాటమో, తొక్కుడుబిళ్ళయో అరగంట. మధ్యాహ్నము వరకు చేతిపని. భోజనమైన తరువాత కొంత విశ్రాంతి. అటుపిమ్మట పీటపై ఆటలు. సాయంకాలము మరల అరగంట ఒడలికి శ్రమ. దీపము పెట్టిన తరువాత కథలు. నడుమ వాన సన్నగిల్లి, ఉరుము లేనపుడు, పెద్దలొకరు వెంట నుండి, వాకిట పారు జానెడు నీటిలో కాగితపు పడవలు వదలనీయుడు. వానలో కొంచెము తడియుటయు బాల్యమున నొక భాగమే. తరువాత కాళ్ళు కడిగి, తల తుడిచి లోనికి తీసికొని రావలెను. ఈ క్రమమున పిల్లవాని 60 నిమిషముల శ్రమయు తీరును. తెరకు మిగులు కాలమును స్వల్పమగును.

రేడియోకును పిల్లలకును గల బంధము నేటిది కాదు. మదరాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. అచ్చటినుండి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగాను, రేడియో అక్కయ్యగాను తెలుగుపిల్లలను పలుకరించిరి. వారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో “బాల” పత్రికను వెలువరించిరి. పిల్లలచేతనే ఆడించి, పాడించి, మాటాడించుట వారి పద్ధతి. పెద్దలు చెప్పుట, పిల్లలు వినుట మాత్రమే విద్య కాదని వారు తమ జీవితమంతయు చూపిరి. ఆ పద్ధతిని ప్రతి గ్రామపు అరుగుపైనను సాగింపవచ్చును.

పెద్దలారా, మీరు చిన్ననాట ఆడిన ఆటలలో కొన్ని మీతోనే యున్నవి. వాని నియమములు ఏ పుస్తకమునందును పూర్తిగా లేవు. ఒక యూరి వామనగుంటలకును పొరుగూరి వామనగుంటలకును భేదముండును. మీరు నేర్పనిచో ఆ భేదములును, ఆ ఆటలును మీతో ముగియును. వచ్చు ముసురునాడు మనుమరాలిని పిలిచి, నేలపై గడులు గీసి, గవ్వలు ఆమె చేతిలో పెట్టుడు. మొదటి పందెము ఆమెనే వేయనిండు.